కారు ఓట్లు కమలానికి ఎన్ని పోయాయి? ఆ లెక్కకు ఏ ప్యాకేజీ పట్టుకోవాలి

2023 నవంబరు 30న తెలంగాణ అసెంబ్లీకి ఓట్లు పడ్డప్పుడు బీఆర్ఎస్‌కు 37 శాతం పైచిలుకు వచ్చాయి, బీజేపీకి 14 శాతం లోపే. ఐదున్నర నెలలకు, 2024 మే 13న అదే జనం లోక్‌సభకు ఓటేస్తే బీజేపీ 35 దాటింది, బీఆర్ఎస్ 17 లోపుకు జారింది, కాంగ్రెస్ 39 పైచిలుకు నుంచి 40కి, అంటే దాదాపు ఉన్నచోటే ఉంది. ఇక టీ కొట్టు దగ్గర నుంచి టీవీ డిబేట్ దాకా అందరిదీ ఒకటే మాట, కారు ఓట్లన్నీ కమలానికి పడ్డాయని. అయ్యుండొచ్చు. కానీ కారు ఓటర్లలో సగం మంది చేతి గుర్తుకు వెళ్లి, చేతి గుర్తువాళ్లలో దాదాపు అంతమందే కమలానికి వెళ్లినా మొత్తాలు ఇంచుమించు ఇలాగే వస్తాయి. కాగితం మీద వేసుకుని చూడండి, కుదురుతుంది. పట్టిక అంచుల్లో మొత్తాలు తెలుసు, లోపలి గడులు తెలియవు, ఆ గడులు నింపాలి. దీన్నే ఎకలాజికల్ ఇన్ఫరెన్స్ అంటారు. పేరులో పర్యావరణం ఉంది కానీ పనిలో లేదు.

ఇది చేసే సాఫ్ట్‌వేర్ (ప్యాకేజీ అంటారు) ఒకటి కాదు, అరడజను పైగా ఉన్నాయి, అందుకే "అన్నా, ఏది వాడమంటావ్" అని తరచూ అడుగుతుంటారు. తొందరున్నవాళ్లకు జవాబు ముందే చెప్పేస్తాను. టూ బై టూ పట్టిక (రెండు వరుసలు, రెండు నిలువులు) అయితే ఆర్ (R) అనే గణాంకాల ప్రోగ్రామింగ్ భాషలో ఈఐ (ei) లేదా ఈకో (eco). నాలుగైదు పార్టీల పట్టిక అయి, రెండువైపులా మొత్తాలు కలుస్తుంటే ఈఐప్యాక్ (eiPack). మొత్తాలు కలవకపోతే, అంటే కొత్త ఓటర్లు చేరి పాతవాళ్లు పోయి ఉంటే, ముందు ఎల్‌పీహోమ్ (lphom). పైథాన్ తప్ప వేరేది ముట్టనంటే పైఈఐ (PyEI). ఇంతే కావాలనుకుంటే ఇక్కడ ఆగిపోవచ్చు, కానీ మోడల్ ఎంచుకోవడం కంటే ముందు జరిగే పనిలోనే సగం తప్పులు దొర్లుతాయి కాబట్టి మిగతాది కూడా చదవమనే అంటాను.

ముందు, ప్యాకేజీ ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే తెలిసేవి చూడండి. ఒక బూత్‌లో 800 ఓట్లు పడ్డాయనుకోండి, రెండు ఎన్నికల్లోనూ అదే 800 మంది. 2023లో కారుకు 300, 2024లో కమలానికి 450. ఆ 300 మందిలో కమలానికి ఎంతమంది వేశారు? మిగతా 500 మందిలోంచే 450 వచ్చి ఉండొచ్చు కాబట్టి తక్కువలో తక్కువ సున్నా, ఎక్కువలో ఎక్కువ 300. అంటే ఈ బూత్ మనకు ఏమీ చెప్పలేదు. ఇంకో బూత్ తీసుకోండి, కారుకు 600, కమలానికి 450. మిగతావాళ్లు 200 మందే కాబట్టి కనీసం 250 మంది కారు ఓటర్లు కమలానికి వేసే తీరాలి, గరిష్ఠంగా 450. అంటే 42 నుంచి 75 శాతం మధ్య. మూడో బూత్‌లో కారుకు 500, కమలానికి మొత్తం 60. ఇక్కడ కారు ఓటర్లలో 12 శాతానికి మించి కమలానికి వెళ్లలేదని ఏ మోడల్ లేకుండానే తేలిపోయింది. డంకన్, డేవిస్ అనే ఇద్దరు 1953లో చెప్పిన లెక్క ఇది, కూడికలూ తీసివేతలూ వస్తే చాలు, ఎక్సెల్‌లో రెండు నిలువు వరుసల పని. ఈ కనిష్ఠ, గరిష్ఠాలనే హద్దులు అంటాను, వాటికి ఈఐప్యాక్‌లో బౌండ్స్ అనే ఫంక్షన్ కూడా ఉంది. మీ బూత్‌లలో ఎక్కువ శాతం మొదటి బూత్‌లా ఉంటే మోడల్ ఇచ్చే జవాబు దాదాపు అంతా మోడల్ ఊహే. రెండో మూడో రకం బూత్‌లు బాగా ఉంటే డేటా మాట్లాడుతోందని అర్థం. ఈ ఒక్క పని చేయకుండా నేరుగా మోడల్‌కు దూకేవాళ్లను చూస్తే నాకు టెన్షన్.

ఎందుకింత జాగ్రత్త అంటే, ఈ విషయంలో అందరూ చెప్పుకునే పాత ఉదాహరణ ఒకటుంది. 1950లో రాబిన్సన్ అనే ఆయన అమెరికా 1930 జనాభా లెక్కలు తీసుకుని చూస్తే, విదేశాల్లో పుట్టినవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువగా కనిపించింది, 48 రాష్ట్రాల మీద కోరిలేషన్ (రెండు అంకెలు కలిసి ఎంత కదులుతాయో చెప్పే కొలత) మైనస్ 0.53 దగ్గర. అదే మనిషి మనిషిగా చూస్తే ప్లస్ 0.12. గుర్తే తిరగబడింది. వలస వచ్చినవాళ్లలో నిరక్షరాస్యులు ఎక్కువే, కాకపోతే వాళ్లు స్థిరపడింది స్థానికులు బాగా చదువుకున్న రాష్ట్రాల్లో. ఆ డేటా ఈకో ప్యాకేజీతో పాటే వస్తుంది, అసలు జవాబుతో సహా. కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లు మన ఎన్నికల డేటా మీద పడకముందు దాని మీద ఒక రోజు గడపడం మంచిది. తప్పు వస్తే తప్పని తెలుస్తుంది కదా, మన బూత్‌లలో ఆ సదుపాయం లేదు.

ఇక డేటా. బూత్‌వారీ ఫలితాలకు ఫారం 20 అనే అధికారిక ఎన్నికల పత్రం ఉంది. తెలంగాణలో ఒక్కో లోక్‌సభ స్థానం కింద సరిగ్గా ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు, 17 ఏడ్లు 119. లోక్‌సభ ఫారం 20 కూడా సెగ్మెంట్ వారీగానే ఉంటుంది కాబట్టి జత కలపడం సులువే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. మొదటిసారి బూత్ వరుస సంఖ్యను పట్టుకుని రెండు షీట్లూ కలిపేశాను. మధ్యలో ఒక చోట 2024కి అదనపు బూత్ ఒకటి వచ్చింది, నంబరు పక్కన ఇంగ్లిష్ 'A' అక్షరంతో. అక్కడి నుంచి కింద ఉన్న బూత్‌లన్నీ ఒక గడి కిందికి జారాయి. మోడల్ ఏమీ అనలేదు, ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, చక్కగా నడిచి చాలా అందమైన పట్టిక ఇచ్చింది. అందులో కారు ఓటర్లూ చేతి గుర్తు ఓటర్లూ ఇంచుమించు ఒకేలా చీలిపోయారు, ఏ పార్టీవాడైనా 2024 మొత్తం శాతాల ప్రకారమే ఓటేసినట్టు. రెండు రోజులు దాన్ని ఏదో గొప్ప సామాజిక సత్యం అనుకుని తిరిగాను. బూత్‌లు జారిపోతే సంబంధం తెగిపోతుంది, సంబంధం తెగితే మోడల్ అంచుల మొత్తాలనే తిరిగి అప్పజెబుతుంది. దీనికి విరుగుడు, జత కలిపాక 2023లో పడిన మొత్తం ఓట్లు ఒక అక్షం మీద, 2024వి ఇంకో అక్షం మీద పెట్టి చుక్కలు వేసి చూడటం. చుక్కలు గీత మీద ఉండకుండా చల్లినట్టు ఉంటే ఆగిపోండి.

ఇంకో మూడు గుంటలు కూడా ఉన్నాయి. 2023లో బీజేపీ 111 చోట్లే పోటీ చేసి 8 సీట్లు జనసేనకు ఇచ్చింది, కొత్తగూడెంలో కాంగ్రెస్ సీపీఐకి వదిలేసింది. ఆ సెగ్మెంట్లలో సున్నా అంటే ఓట్లు రాకపోవడం కాదు, గుర్తే లేకపోవడం, కాబట్టి వాటిని విడిగా చూడాలి. పోస్టల్ ఓట్లకు బూత్ ఉండదు. మూడోది అన్నిటికంటే పెద్దది. పోలింగ్ శాతం అసెంబ్లీకి 71 దాకా, లోక్‌సభకు 66 దగ్గర, అంటే ఓటేయనివాళ్లు కూడా పట్టికలో ఒక వరుస కావాలి. ఫారం 20లో పడిన ఓట్లే ఉంటాయి, బూత్‌లో మొత్తం ఓటర్లు ఎందరో ఉండదు, ఓటర్ల జాబితాలో పార్ట్ వారీగా ఉండే మొత్తాల నుంచి తెచ్చుకోవాలి.

సరే, ఇప్పుడు ప్యాకేజీలు.

గుడ్‌మన్ రిగ్రెషన్‌కు ప్యాకేజీ కూడా అక్కర్లేదు. 1953 నాటి పద్ధతి, 2024 శాతాన్ని 2023 శాతం మీద గీత గీయడమే. ఈఐప్యాక్‌లో కూడా ఉంది, ఎక్సెల్‌లో కూడా అవుతుంది. చిక్కేమిటంటే కారు ఓటర్లలో 112 శాతం కమలానికి వేశారనో, మైనస్ 9 శాతం వేశారనో చెప్పడానికి దానికి మొహమాటం ఉండదు. నిజానికి అది నాకు ఉపయోగమే. 100 దాటిన అంకె వచ్చిందంటే, బదిలీ శాతం అన్ని బూత్‌లలో ఒకటే అనే ఊహ అక్కడ పగిలిందని సిగ్నల్. ఫలితంగా చూపించకండి, పొగ అలారంలా వాడుకోండి. 1986లో అమెరికా సుప్రీంకోర్టు, నార్త్ కరొలైనాలో నల్లజాతి ఓటర్ల హక్కుల మీద వచ్చిన గింగిల్స్ కేసులో ఇలాంటి రిగ్రెషన్ మీద నడిచిన విశ్లేషణను అంగీకరించాక ఈ రంగమంతా అక్కడి కోర్టుల చుట్టూ పెరిగింది. ఈ ప్యాకేజీల ఉదాహరణల్లో ఎప్పుడూ నల్లజాతి, తెల్లజాతి ఓటర్లు, నార్త్ కరొలైనా బూత్‌లు కనిపించేది అందుకే. మనం ఆ చోట పాత పార్టీని పెట్టుకుని చదువుకోవాలి.

ఈఐ ప్యాకేజీ గ్యారీ కింగ్ 1997లో పుస్తకంగా తెచ్చిన మోడల్‌కు సొంత ఇల్లు. టూ బై టూకి ఇప్పటికీ నాకు ఇష్టమైనది ఇదే, కారణం టోమోగ్రఫీ ప్లాట్. ఒక చదరంలో ఒక్కో బూత్ ఒక్కో గీత, ఆ గీత మీద ఎక్కడో ఒకచోట ఆ బూత్ అసలు జవాబు ఉంటుంది. గీతలన్నీ ఒకచోట దగ్గరగా కోసుకుంటే సంతోషించండి. రెండు గుంపులుగా విడిపోతే మీ డేటాలో రెండు రకాల ఊళ్లున్నాయని, ఒకే మోడల్ చాలదని అర్థం. పైగా ఇది బూత్ హద్దులను కచ్చితంగా పాటిస్తుంది, అసాధ్యమైన జవాబు ఏ బూత్‌కూ ఇవ్వదు.

దీన్నే పెద్ద పట్టికకు సాగదీసే అలవాటు ఒకటుంది. ఈఐకంపేర్ ప్యాకేజీలో ఈ దారి సిద్ధంగా ఉంది, ఒక్కో పార్టీ జతను విడిగా టూ బై టూగా నడపడం. కారు నుంచి కమలానికి ఒకసారి, కారు నుంచి చేతికి ఒకసారి, ఇలా. తేలికే, కానీ వచ్చిన శాతాలు కూడితే 100 రావాలన్న నియమం దానికి లేదు, 108 రావచ్చు, 93 రావచ్చు. చాలామంది తర్వాత భాగించి 100కి సర్దేస్తారు. నేను సర్దను, అంత తేడా వచ్చిందంటే పద్ధతి మార్చాలి. ఈఐకంపేర్‌ను నేను వాడేది దాని పేరు చెప్పే పనికే, అంటే అదే డేటా మీద ఈ విడివిడి పద్ధతినీ ఉమ్మడి పెద్ద పట్టిక మోడల్‌నూ పక్కపక్కన పెట్టి చూడటానికి.

ఆ ఉమ్మడి మోడల్ అసలు ఉండేది ఈఐప్యాక్‌లో. 2001లో రోజెన్, జియాంగ్, కింగ్, టానర్ రాసిన మల్టీనోమియల్ డిరిష్లే మోడల్, ఎన్ని వరుసలైనా ఎన్ని నిలువులైనా. ప్రతి బూత్‌లో ప్రతి పాత పార్టీకి ఒక చీలిక, ఆ చీలికలన్నీ పైన ఒక ఉమ్మడి పంపిణీ నుంచి వచ్చాయని ఊహ. మన తెలంగాణ ప్రశ్నకు సహజంగా సరిపోయేది ఇదే. ఇది జవాబును ఒక్కసారిగా లెక్కగట్టదు, యాదృచ్ఛికంగా అడుగులు వేస్తూ వెతుకుతుంది, ఆ అడుగుల వరుసనే గొలుసు అంటారు. కానీ డిఫాల్ట్‌తో నడపకండి. వదిలేస్తే మొదటి వెయ్యి అడుగులు పారేసి తర్వాతి వెయ్యి అడుగులు మాత్రమే దాచుకుంటుంది, ఈ మోడల్‌కు అది బావిలో చెంబు ముంచి లోతు చెప్పినట్టు. ఐదు బై ఐదు పట్టికకు నేను లక్షల్లో నడిపి, వందకొకటి దాస్తాను. ముందు ట్యూన్ ఎండీ అనే ఫంక్షన్‌తో అడుగుల సైజు సరిచేయాలి, ఇది మానేస్తే గొలుసు కదలకుండా ఒకేచోట కూర్చుంటుంది, ట్రేస్ ప్లాట్ (ఆ అడుగుల గ్రాఫ్) తీస్తే గొంగళిపురుగులా గుబురుగా ఉండాల్సింది మెట్లమెట్లుగా కనిపిస్తుంది. వేర్వేరు సీడ్‌లతో (యాదృచ్ఛికతను మొదలుపెట్టే అంకెలతో) కనీసం మూడుసార్లు నడిపి, మూడూ ఒకే చోటికి చేరాయో లేదో చూడాలి, ఆ పని అది తనంతట తాను చేయదు.

మెమరీ సంగతి కూడా చెప్పాలి. రాష్ట్రంలో బూత్‌లు 35 వేలకు పైనే. 35 వేలను 25 గడులతో గుణిస్తే 8.75 లక్షలు, వెయ్యి అడుగులు దాస్తే 87.5 కోట్ల అంకెలు, ఒక్కోటి 8 బైట్లు, అంటే 7 జీబీ బూత్ అంకెలకే. ల్యాప్‌టాప్ చేతులెత్తేస్తుంది. బూత్ స్థాయి అంకెలు అక్కర్లేకపోతే రెట్ బీటా అనే ఆప్షన్‌లో పారేయమని చెప్పొచ్చు, కావాలంటే ఫైళ్లలోకి రాయమనొచ్చు. అసలు రాష్ట్రం మొత్తాన్ని ఒకే మోడల్‌లో పెట్టడమే తప్పు. బీజేపీ గెలిచిన నిజామాబాద్, కరీంనగర్‌లలో కారు ఓటరు కదిలిన తీరు, కాంగ్రెస్ గెలిచిన ఖమ్మం, నల్గొండలలో కదిలిన తీరు ఒకటే అని ఏ గుండెతో అనుకుంటాం? లోక్‌సభ స్థానం వారీగా 17 సార్లు నడపండి, మెమరీ సమస్యా పోతుంది, అసలు సమస్యా కొంత తగ్గుతుంది.

ఈఐప్యాక్‌లో నాకు నచ్చనివి రెండు. ఒకటి, రెండువైపులా మొత్తాలు బూత్ బూత్‌కూ కలవాల్సిందే, ఒక్క ఓటు తేడా ఉన్నా మొండికేస్తుంది. రెండు, ఈ మోడల్ బూత్ హద్దులను కింగ్ పాత మోడల్‌లా కచ్చితంగా పట్టుకోదు, సుమారుగా గౌరవిస్తుందంతే. కాబట్టి ఫలితం వచ్చాక బౌండ్స్‌తో మళ్లీ సరిచూసుకోవడం మన బాధ్యతే.

మొత్తాలు కలవాలన్న ఆ మొదటి ఇబ్బంది దగ్గరే ఎల్‌పీహోమ్ పనికొస్తుంది. స్పెయిన్‌కు చెందిన పవియా, రొమేరోల పని. సంభావ్యతల బేయ్స్ పద్ధతి లేదు, గొలుసులు లేవు, లీనియర్ ప్రోగ్రామింగ్, అంటే షరతులకు లోబడి ఒక మొత్తాన్ని అతి తక్కువ చేసే లెక్క. అన్ని బూత్‌లకూ కలిపి ఒక బదిలీ పట్టిక ఊహించి, బూత్‌లు దాని నుంచి పక్కకు జరిగే దూరాల మొత్తం అతి తక్కువ అయ్యేలా గడులు నింపుతుంది. ఎన్ఎస్ఎల్‌పీహోమ్ అనే ఫంక్షన్ అక్కడితో ఆగకుండా బూత్ స్థాయికి దిగి మళ్లీ పైకొచ్చి కొన్ని చుట్లు తిరుగుతుంది, నేను వాడేది అదే. కొత్తగా చేరినవాళ్లు, జాబితా నుంచి పోయినవాళ్లు ఉంటే ఎలా చూడాలో చెప్పడానికి ఒక ఆప్షనే ఉంది, మామూలు ఎన్నికల జతకు ఒక రకం, ఒకే రోజు జరిగిన రెండు ఎన్నికలకు ఇంకో రకం, ఇలా. మూడు వందల బూత్‌ల సెగ్మెంట్ ఒకటి టీ తాగేలోపు అయిపోతుంది, అదే ఈఐప్యాక్‌లో పొద్దున పెడితే మధ్యాహ్నం భోజనం దాకా. ఇబ్బంది ఏమిటంటే మామూలుగా వచ్చేది ఒకే అంకె, కారు నుంచి కమలానికి ఇంత అని. ఎంత అనిశ్చితి ఉందో పట్టికను చూస్తే తెలియదు. హెటీ అనే ఒక సూచిక ఇస్తుంది, బూత్‌లు ఎంత విభిన్నంగా ఉన్నాయో దాన్ని బట్టి ఊహించుకోవాలి. పత్రికకు వ్యాసం రాస్తుంటే ఇది చాలు, థీసిస్ రాస్తుంటే గైడ్ గారు రేంజ్ ఎక్కడ అని అడుగుతారు.

ఈకో, ఎంసీఎంసీప్యాక్ రెండూ టూ బై టూ దగ్గరే ఆగుతాయి. ఎంసీఎంసీప్యాక్‌లో వరుసగా చాలా ఏళ్ల ఎన్నికలుంటే కాలంతో మారే మోడల్ ఒకటుంది, ఆ ఒక్కదానికి తప్ప నేను దాని జోలికి వెళ్లను. ఈకోలో మాత్రం ఒక మంచి సదుపాయం ఉంది, కొద్దిమంది వ్యక్తుల డేటా చేతిలో ఉంటే సప్లిమెంట్‌గా కలపొచ్చు. పెద్ద పట్టికకు ఇదే పని చేసేది గ్రైనర్, క్విన్‌ల ఆర్‌బైసీ ఈకోల్‌ఇన్ఫ్ ప్యాకేజీ, ఎగ్జిట్ పోల్‌ను కలిపి నడిపే ఫంక్షన్ అందులో విడిగా ఉంది. ఒక సెగ్మెంట్‌లో రెండు వందల మందిని నిజాయితీగా అడిగి తెచ్చిన సర్వే మీ దగ్గరుంటే, ఏ మోడల్ అన్న చర్చ కంటే ఆ రెండు వందల మంది ఎక్కువ పని చేస్తారు.

పైఈఐ 2021లో వచ్చింది, పైఎంసీ అనే పైథాన్ లైబ్రరీ మీద నడుస్తుంది. టూ బై టూ మోడళ్లు నాలుగైదు రకాలు, పెద్ద పట్టిక మోడల్, గుడ్‌మన్, అన్నీ ఒకే చోట. గొలుసులు కలిశాయా లేదా అన్న ఆర్ హ్యాట్ అంకె తేలిగ్గా తీయొచ్చు, ప్లాట్లు చూడచక్కగా ఉంటాయి. పైథాన్ రోజూ రాసేవాళ్లకు ఇది చాలు. బూత్‌లు వేలల్లోకి వెళ్తే నెమ్మదిస్తుంది, ఇన్‌స్టాల్ దగ్గర వెర్షన్ల తగాదా ఉంటుంది, విడి ఎన్విరాన్‌మెంట్ చేసుకుని పెట్టుకోండి.

మరి రెండు ప్యాకేజీలు రెండు జవాబులిస్తే? ఇస్తాయి. ముందు గడిని చూడండి. కారు నుంచి కమలం లాంటి పెద్ద గడిలో తేడా వస్తే సీరియస్. సీపీఐ నుంచి నోటాకు లాంటి చిన్న గడుల్లో తేడా వస్తే పట్టించుకోకండి, అక్కడ ఏ మోడల్‌కూ సమాచారం లేదు, అలాంటి చిన్న పార్టీలను ముందే ఇతరులు అనే వరుసలో కలిపేయాల్సింది. పెద్ద గడిలోనే తేడా ఉంటే నేను సగటు తీయను, హద్దుల దగ్గరికి తిరిగి వెళ్లి ఏ జవాబు ఎక్కువ బూత్‌లలో హద్దులు దాటుతోందో చూసి దాన్ని పక్కన పెడతాను. రెండూ హద్దుల్లోనే ఉంటే రెండు అంకెలూ రాస్తాను.

మీ ఎంపికకు పరీక్ష పెట్టుకోవాలంటే న్యూజిలాండ్ డేటా ఉంది. అక్కడ ఒక ఓటరు పార్టీకొక ఓటు, అభ్యర్థికొక ఓటు వేస్తాడు, రెండూ ఒకే కాగితం మీద, ఎవరు ఎలా చీల్చి వేశారో అధికారికంగానే లెక్కించి ప్రకటిస్తారు. ఈఐ డాట్ డేటాసెట్స్ అనే ప్యాకేజీలో 2002 నుంచి 2020 దాకా అవి అసలు జవాబులతో ఉన్నాయి, స్కాట్లండ్ 2007 కూడా ఉంది. మీరు వాడాలనుకున్న ప్యాకేజీని వాటి మీద నడిపి ఎంత తప్పుతుందో చూసుకున్నాకే మన డేటాకు రండి.

మన దగ్గర ఇలాంటి జత కావాలంటే ఆంధ్రప్రదేశ్. 2014, 2019, 2024 మూడుసార్లూ అసెంబ్లీకీ లోక్‌సభకూ ఒకే రోజు, అదే బూత్, అదే మనిషి, రెండు మిషన్లు. వచ్చినవాళ్లు రానివాళ్లు అన్న గొడవే లేదు, ఎమ్మెల్యేకి ఒకరికి, ఎంపీకి ఇంకొకరికి వేసినవాళ్లెందరో చూడటమే. తెలంగాణలో కూడా అలాంటిది ఒక్కటుంది, సికింద్రాబాద్ కంటోన్మెంట్. 2024 మే 13న అక్కడ అసెంబ్లీ ఉప ఎన్నిక, మల్కాజిగిరి లోక్‌సభ ఓటు ఒకే రోజు పడ్డాయి. ఒకే సెగ్మెంట్, చిన్న ఫైలు. అక్కడ ముందు బౌండ్స్, తర్వాత ఎల్‌పీహోమ్‌లో ఒకే రోజు ఎన్నికల ఆప్షన్, ఆ తర్వాత ఒకటి రెండు ఓట్ల తేడాలు సర్ది ఈఐప్యాక్, ఈ మూడూ ఒక ఆదివారం పని. బూత్ నంబర్ల పక్కన 'A' అక్షరం ఉందేమో మాత్రం ముందే చూసుకోండి.